పక్కన వంత ఉండాలి

మైకు చేతిలోకి రాగానే మన తెలుగువాడు చేసే మొదటి పని ఏమిటో ఎప్పుడైనా గమనించారా? దాని నెత్తిన రెండు తట్లు తడతాడు. అప్పటికే అదే మైకులో గంట నుంచి నలుగురైదుగురు మాట్లాడి ఉంటారు. అది భేషుగ్గా పనిచేస్తోందని సభలో చంటిపిల్లలకి కూడా తెలుసు. అయినా తట్టాల్సిందే. తర్వాత గొంతు సవరింపు. ఆ తర్వాత "వేదికనలంకరించిన పెద్దలకు..." అని మొదలుపెట్టి పేరుపేరునా నమస్కారాలు. మధ్యలో ఒక పేరు మరిచిపోతాడు. పక్కనున్నాయన చెవిలో ఊదుతాడు. "క్షమించాలి" అంటూ మళ్లీ మొదటికి. అంతా అయ్యాక, "నేను వక్తను కాను, రెండే రెండు ముక్కలు మాట్లాడి సెలవు తీసుకుంటాను" అన్నాడంటే, ఇక మనం కుర్చీలో సర్దుకుని కూర్చోవడం మంచిది. ముప్పావుగంటకి తక్కువ ఉండదు.

మనం నవ్వుకుంటాం గానీ, ఆయన అదంతా ఎందుకు చేస్తాడంటారు? నన్నడిగితే భయం వల్ల. మైకు తట్టినప్పుడు చప్పుడు పెద్దగా వినబడుతుంది చూడండి, "ఇది నా చెప్పుచేతల్లోనే ఉంది" అని లోపల చిన్న ధైర్యం. పేర్ల జాబితాకి బుర్ర పెట్టక్కర్లేదు, నోటికొచ్చేదే. అది పూర్తయ్యేలోపు గుండె దడ సగం సద్దుమణుగుతుంది. వినేవాళ్లకి విసుగే, కాదనను. కానీ ఆయనకి అది మందు. కాకపోతే కొంతమంది ఆ మందుని భోజనంలా తింటారు. అక్కడే వస్తుంది చిక్కు.

సభాపిరికి లేని మనిషిని నేనైతే చూడలేదు. ఉన్నవాళ్లలో రెండు రకాలు. పైకి కనబడేవాళ్లు, కనబడనివ్వనివాళ్లు. లోపల జరిగే తతంగం ఇద్దరికీ ఒకటే. వందమంది కళ్లు ఒక్కసారిగా మన మీద పడేసరికి, పులి ఎదురైనప్పుడు పనిచేసే యంత్రాంగమే ఒంట్లో మేలుకుంటుంది. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నెత్తురు పెద్ద కండరాలవైపు మళ్లుతుంది, దాంతో వేళ్లు చల్లబడతాయి. లాలాజలం తగ్గి నాలుక అంగిటికి అంటుకుంటుంది. పరిగెత్తడానికి ఒళ్లు సర్వసన్నద్ధం. మనమేమో పరిగెత్తకూడదు, నిలబడి "సోదర సోదరీమణులారా" అనాలి. మోకాళ్లు వణకవూ మరి!

గాంధీగారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆత్మకథలో ఆయనే దాచకుండా రాసుకున్నారు. లండన్‌లో బారిస్టరీ చదివేటప్పుడు శాకాహారుల సంఘంలో కార్యవర్గ సభ్యుడు. సమావేశాలకి వెళ్లేవారు గానీ నోరు పెగిలేది కాదు. ఒకసారి వెంట్నార్ అనే ఊళ్లో మాట్లాడాల్సి వచ్చింది. ఉపన్యాసం మొత్తం ఒక్క కాగితం మీద రాసుకెళ్లారు. చదువుదామని లేచేసరికి కళ్లు మసకబారాయి, కాళ్లూ చేతులూ వణికాయి. ఆ ఒక్క కాగితాన్నీ చివరికి మజ్ముదార్ అనే స్నేహితుడు చదివి పెట్టాల్సి వచ్చింది. తిరిగొచ్చాక బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు. మామీబాయి అనే ఆవిడ తరఫున. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచారు, తల గిర్రున తిరిగింది, ఒక్క ప్రశ్నా రాలేదు. కూర్చుండిపోయారు. ఫీజు తిరిగిచ్చేసి, పటేల్ అనే వకీలుని పెట్టుకోమన్నారు. ఆయన తీసుకున్నది 51 రూపాయలు.

మరి అదే మనిషి 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకులందరినీ కూడగట్టి మాట్లాడారు. తన జీవితంలో మొదటి బహిరంగోపన్యాసం అదేనని చెప్పుకున్నారు. ఈ మధ్యలో ఏమైంది? ధైర్యమేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మాట్లాడిన విషయం ఏమిటో చూడండి. వ్యాపారంలో నిజం చెప్పడం కుదురుతుందా, కుదరదా? ఎదురుగా కూర్చున్నది వ్యాపారులు. వాళ్లకి దాంతో రోజూ పనే. పైగా ఆయన మాట్లాడి ఊరుకోలేదు. ఇంగ్లీషు నేర్చుకుంటామంటే నేను నేర్పుతానన్నారు. ముగ్గురు ముందుకొచ్చారు: ఒక మంగలి, ఒక గుమస్తా, ఒక చిల్లర కొట్టు యజమాని. వాళ్ల వీలునిబట్టి వాళ్ల దగ్గరికే వెళ్లి పాఠం చెప్పేవారు. వెంట్నార్‌లో ఆయన ఒంటరి. ప్రిటోరియాలో ఎదుటివాళ్లకీ ఆయన మాటకీ ముడి పడింది. నాకు కనబడే తేడా ఇంతే.

ఈ ముడి గురించే ఇవాళ్టి కబురంతా.

మా బాబాయి తెలుగు మాస్టారు. పల్లెటూరి హైస్కూల్లో పదవీ విరమణ దాకా పనిచేశాడు. క్లాసులో ఆయన గొంతు విని రోడ్డు మీద పోయేవాళ్లు ఆగేవారు. అరవైమంది పిల్లలు, కిటికీల్లోంచి తొంగిచూసే పక్క క్లాసు పిల్లలు వేరే. ఎన్నడూ తడబడ్డ మనిషి కాదు. అలాంటివాడు తన వీడ్కోలు సభలో శాలువా కప్పించుకుని, మైకు ముందు నిలబడి, "ఈ రోజు..." అన్నాడు. ఆగిపోయాడు. మళ్లీ "ఈ రోజు..." అన్నాడు. ఎదురుగా ఉన్నది కొత్తవాళ్లేం కాదు. ఆ ఊరివాళ్లే, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. మా పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ మర్యాదగా, కదలకుండా, చేతులు కట్టుకుని వింటున్నారు.

ఆ మర్యాదే ఆయన కొంప ముంచింది. క్లాసులో ఆయన మాట్లాడే తీరు వేరు. వాక్యం ఎప్పుడూ పూర్తి చేసేవాడు కాదు. "అకారానికి ఇ పరమైతే వచ్చేది ఏమిట్రా? గుణ..." అని తోక వదిలేస్తే, అరవై గొంతులు "సంధి" అని అందుకునేవి. "అవునా, కాదా?" అంటే "అవునండీ!" అని పైకప్పు లేచిపోయేది. ముప్పై ఏళ్లపాటు ప్రతి మాటకీ సగం మోత పిల్లలే మోశారు. సభలో ఆ సగం లేదు. నిశ్శబ్దంలోకి మాట్లాడటం ఆయనకి అలవాటే లేదు.

చివరికి గట్టెక్కించింది వెనక వరసలో నిలబడ్డ లారీ డ్రైవరు, ఒకప్పటి శిష్యుడు. "మాస్టారూ, ఈ రోజు ఏ సంధండీ?" అని అరిచాడు. సభంతా గొల్లుమంది. బాబాయి మొహం విప్పారింది. "లేవరా వెధవా, నువ్వే చెప్పు. ఈ ప్లస్ రోజు" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆయన్ని కూర్చోబెట్టడానికి హెడ్మాస్టరుగారు రెండుసార్లు చీటీ పంపించాల్సి వచ్చింది.

ఇప్పుడు మన పాత వేదికల వైపు ఒకసారి చూడండి. జనం ముందు నిలబడటంలో మనవాళ్లకి శతాబ్దాల అనుభవం. ఏ ఒక్క కళలోనైనా మనిషిని ఒంటరిగా, ఉత్త చేతులతో, ఊకొట్టేవాడు లేకుండా నిలబెట్టారేమో చెప్పండి.

బుర్రకథే తీసుకోండి. మధ్యలో కథకుడు. తలపాగా, పొడుగు అంగీ, భుజాన తంబుర, వేలికి అందెలు, కాళ్లకి గజ్జెలు. అటొకడు, ఇటొకడు డక్కీలు పట్టుకున్న వంతలు. కథకుడు ఒక చరణం పాడి ఒక అడుగు ముందుకేస్తాడు. వంతలు "తందాన తాన" అని అందుకుంటారు. ఆ అందుకున్న కొన్ని క్షణాల్లో కథకుడు ఎన్ని పనులు చక్కబెడతాడో దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు. ఊపిరి తీసుకుంటాడు. చెమట తుడుచుకుంటాడు. జనం ఎటు ఉన్నారో, ఏ మూల గుసగుసలు నడుస్తున్నాయో ఒక చూపు చూస్తాడు. తర్వాతి చరణం లోపల పేర్చుకుంటాడు. మనకేమో ఎక్కడా ఆగినట్టే ఉండదు. అదే విరామం మైకు ముందు మీరూ నేనూ ఇస్తే "మరిచిపోయాడు పాపం" అంటారు. ఆయన ఇస్తే గజ్జె ఘల్లుమంటుంది.

ఇంకా తమాషా ఆ వంతలిద్దరి ఉద్యోగాల్లో ఉంది. ఒకాయనది హాస్యం, ఇంకొకాయనది రాజకీయం. వీరుడు కత్తి దూసే ఘట్టంలో హాస్యం వంత అడ్డు తగిలి, "గురూ, పొద్దుట్నుంచీ యుద్ధమే గదా, ఈయన అన్నమెప్పుడు తిన్నాడంటావ్?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ మనసులో ఉన్నదే. రాజకీయం వంత కథని నిన్నటి పేపరుకి ముడేస్తాడు. అంటే జనంలోంచి ఇద్దరు ప్రతినిధులని ముందే వేదిక ఎక్కించేశారన్నమాట. జనానికి విసుగు పుడుతుందేమోనన్న భయం వక్తకి ఉండదు, విసుగుని కనిపెట్టే మనిషి పక్కనే ఉన్నాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) పల్నాటి యుద్ధం చెప్పినా, అల్లూరి సీతారామరాజు కథ చెప్పినా జనం రాత్రంతా కదలకుండా కూర్చున్నారంటే, ఆయన గొంతూ ఆయన ప్రతిభా ఎంతో, ఆ వంతల అల్లికా అంతే. 1986లో పద్మశ్రీ ఆయన పేరున వచ్చింది. అందులో డక్కీల వాటా ఎంతో నాజర్‌కే బాగా తెలిసుంటుంది.

హరికథలో మనిషి ఒక్కడే కదా అంటారేమో. ఒక్కడెక్కడ? చేతిలో చిరుతలు, కాళ్లకి గజ్జెలు, వెనక మృదంగం, పక్కన ఫిడేలో హార్మోనియమో. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) విజయనగరంలో, మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథ విని, నేనూ చెబుతానని ధ్రువచరిత్ర రాసుకుని లేచిన నాటికి ఇరవై ఏళ్లు నిండలేదు. మైకు లేని రోజులు. రెండు చేతులకీ, రెండు కాళ్లకీ, తలకీ వేరువేరు తాళాలు పెట్టి ఆడించేవారని ఆయన గురించి గొప్పగా చెప్పుకుంటారు. అంతటి విద్య మనకెందుకు గానీ, ఒక్కటి గమనించండి. చేతులేం చెయ్యాలో తెలియకపోవడమన్నది వక్తకి ఉన్న పెద్ద బాధల్లో ఒకటి. జేబులో పెడితే పొగరు, వెనక కట్టుకుంటే పోలీసు, ముందు కట్టుకుంటే పెళ్లిచూపులు. హరిదాసు చేతికి చిరుతలిచ్చేసి, ఎప్పుడో ఆ బాధ తీర్చేశారు మనవాళ్లు. పైగా వణుకు మొదలైనా అది తాళంలో కలిసిపోతుంది.

నాటకానికొస్తే, పద్యనాటకంలో అసలు హీరో ఎవరో తెలుసా? కృష్ణుడు కాదు. సైడు వింగులో స్టూలు మీద కూర్చుని, నోట్సు పుస్తకం మీద టార్చిలైటు వేసుకుని మాట అందించే ప్రాంప్టరు. వేదిక మీద ఉన్నవాడు కిరీటం బరువుతో, కొత్త మీసం దురదతో ఉండగా, వింగులోంచి పద్యం మొదటి మాట సన్నగా వినబడుతుంది. హార్మోనియం శ్రుతి అందిస్తుంది. చివర రాగం తీసుకునే వీలుంది కాబట్టి, తర్వాతి డైలాగు గుర్తు తెచ్చుకోవడానికి కావలసినంత వ్యవధి. ఈలోగా "వన్స్ మోర్" పడిందా, చెప్పనే అక్కర్లేదు, మళ్లీ అదే పద్యం. రాయబారం సీనులో తెల్లారేదాకా జనాన్ని కూర్చోబెట్టిన మహానటుల గొంతు గురించి కథలు కథలుగా చెప్పుకుంటాం. ప్రాంప్టర్ల పేర్లు మాత్రం కరపత్రంలో కూడా వెయ్యలేదు. ఇది మాత్రం అన్యాయం.

అష్టావధానంలో కూడా ఇదే సూత్రం, కాస్త తలకిందులుగా. ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని మనిషిని ఉక్కిరిబిక్కిరి చేస్తారు. ఒకాయన సమస్య, ఒకాయన దత్తపది, ఒకాయన అక్షరం అక్షరానికీ కాలు అడ్డం పెట్టే నిషిద్ధాక్షరి, మధ్యలో "అవధానిగారూ, మీ ఇంట్లో వంటెవరిది?" అనే అప్రస్తుతప్రసంగి. చూసేవాళ్లకి ఇది పరీక్ష. కానీ ఏర్పాటు చూడండి. ఒక్కొక్కరికీ పద్యం మొత్తం ఒకేసారి చెప్పనక్కర్లేదు, ఒక ఆవృత్తికి ఒక్క పాదం చాలు. చెప్పిన పాదాన్ని పృచ్ఛకుడు పైకి చదువుతాడు, జనం చప్పట్లు కొడతారు, ఈలోగా అవధాని మనసు పక్కాయన దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. అప్రస్తుతప్రసంగి పైకి అడ్డంకి, నిజానికి సభకి గాలి ఆడించే కిటికీ. తిరుపతి వేంకట కవులైతే ఏకంగా ఇద్దరు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి జంటగా ఊరూరా తిరిగి, సంస్థానాల్లో సవాళ్లు విసిరి, మీసాలు దువ్వారు. ఒకడు తడబడితే అందుకోవడానికి ఇంకొకడున్నాడన్న ధీమాలో ఎంత బలం ఉంటుందో వాళ్లనే అడగాలి.

ఇంతకీ ఈ వంతలన్నిటినీ ఎవరు తీసేశారు? నా అనుమానం మైకు మీద. స్వాతంత్ర్యోద్యమ కాలపు ఫోటోల్లో గాంధీగారి ముందో, నెహ్రూగారి ముందో మైకు మీద "చికాగో రేడియో" అని కనబడుతుంది చూడండి. పేరు చూసి అమెరికా సరుకనుకుంటాం. నిజానికది మోట్వానీ అనే సింధీ కుటుంబం బొంబాయిలో నడిపిన కంపెనీ. ఆ మైకు వచ్చాక ఒక్క మనిషి గొంతు వేలమందికి అందింది. మంచిదే. కానీ దాంతోపాటు ఆ ఒక్క మనిషీ ఒంటరి అయిపోయాడు. మృదంగం అక్కర్లేదు, డక్కీ అక్కర్లేదు. ఒక బల్ల, ఒక గ్లాసు నీళ్లు, ఎదురుగా మర్యాదస్తులు. ఈ మూడింటితో ఎవడికైనా గొంతు ఎండుతుంది.

అయినా ఒంటరిగా కూర్చుని కొట్లాడి గెలిచినవాళ్లు లేకపోలేదు. విజయవాడ ఆకాశవాణిలో రామాయణ భారతాలు చెప్పిన ఉషశ్రీగారికి ఎదురుగా జనమే లేరు, స్టూడియో గోడలు తప్ప. కానీ ఆయనకి ఉత్తరాలుండేవి. ధర్మసందేహాలని శ్రోతలు ఊళ్లనుంచి రాసి పంపితే వాటికి జవాబులు చెప్పేవారు. ఆ గొంతు ఎవరో ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని దబాయిస్తున్నట్టే ఉండేది.

సరే, ఇదంతా చెప్పి మీ చేతికి చిరుతలిస్తానని కంగారుపడకండి. రేపు మీకు ఆఫీసులోనో, పెళ్లిలోనో, కాలనీ సంఘంలోనో మాట్లాడాల్సి వస్తే వంతని మీరే సమకూర్చుకోవాలి. దానికి పెద్ద ఖర్చేం లేదు.

సభకి అరగంట ముందు వెళ్లండి. అందరికన్నా ముందు పలకరించాల్సింది మైకుసెట్టు కుర్రాణ్ణి. "తమ్ముడూ, నా గొంతు కాస్త చిన్నది, చూసుకో" అని చెప్పండి. నోటికీ మైకుకీ నాలుగు వేళ్ల దూరం పెట్టమని ఆ కుర్రాడే చూపిస్తాడు. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఆ మూల నుంచి ఒక మనిషి మీకోసం చెవి రిక్కించి ఉంటాడు. మీకు దొరికే మొదటి వంత అతనే. కుయ్యిమని మైకు అరిస్తే కంగారుపడకుండా అటు చూసి నవ్వగలుగుతారు. తర్వాత వచ్చేవాళ్లలో ఇద్దరు ముగ్గురితో గుమ్మం దగ్గరే కబుర్లాడండి. ఎక్కడ కూర్చున్నారో గుర్తు పెట్టుకోండి. వేదికెక్కాక వాళ్ల మొహాలకి చెప్పండి. తల ఊపే మనిషి ప్రతి సభలోనూ ఒకరుంటారు, ఎక్కువగా నడివయసు ఆడవాళ్లు. ఆవిడ దొరికిందా, మీ పని సగం అయినట్టే. సెల్‌ఫోను చూసుకునేవాడి కోసం మాత్రం ఉపన్యాసాన్ని బలిపెట్టకండి. మనలో చాలామంది చేసే తెలివితక్కువ పని అది. వందలో తొంభైతొమ్మిదిమంది వింటుంటే, వినని ఒక్కణ్ణే చూస్తూ వణుకుతాం.

మొత్తం బట్టీ పట్టకండి. బట్టీ పట్టినవాడికి ఒక్క మాట జారితే దారి మొత్తం పోతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి ఒక్క వాక్యం నోటికి వస్తే చాలు. మధ్యలోవి ఒక అట్ట ముక్క మీద నాలుగు మాటలుగా రాసుకోండి. పల్చటి కాగితం వద్దు. చేయి కొంచెం వణికితే అది రెపరెపలాడి ఊరంతటికీ చాటింపు వేస్తుంది. అట్ట నోరు మూసుకుని ఉంటుంది.

అన్నట్టు ఈ వణుకు ఎదుటివాళ్లకి ఎంత కనబడుతుందన్న దాని మీద ఒక ముచ్చటైన పరిశోధన ఉంది. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించారు. విద్యార్థులతో ఉపన్యాసాలిప్పించి, మీ కంగారు ఎంత బయటపడిందనుకుంటున్నారని అడిగితే, వాళ్లు అనుకున్నంత వినేవాళ్లకి కనబడలేదు. అసలు విశేషం ఆ తర్వాతది. కొందరికి ముందుగానే ఈ సంగతి చెప్పి పంపించారు, "మీ లోపలి దడ బయటికి అంతగా తెలియదు నాయనా" అని. వాళ్లు మిగతావాళ్లకన్నా బాగా మాట్లాడారు. బాగా మాట్లాడామని వాళ్లకీ అనిపించింది, వినేవాళ్లకీ అనిపించింది. ఊరికే ఒక నిజం చెప్పినందుకే! అంచేత ఈసారి మీ అబ్బాయి స్కూల్లో మాట్లాడటానికి వెళ్తుంటే "భయపడకు" అనకండి. ఆ మాట విని భయం మానినవాడు లేడు. "నీ భయం ఎవరికీ కనబడదురా" అని చెప్పండి.

పెద్ద మైదానం సంగతి వేరే. అక్కడ వంత మీరు వెతుక్కోనక్కర్లేదు, శబ్దమే ఆ పని నెత్తినేసుకుంటుంది. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. ఎక్కడో 170 మీటర్ల దూరాన కట్టిన హారన్ నుంచి మీ మాట మీ చెవికి చేరడానికి అర సెకను. మీరు రెండో మాట అంటుండగా మొదటి మాట వచ్చి చెవిలో పడుతుంది. కొత్తవాళ్లకి బుర్ర తిరుగుతుంది, తనని ఎవరో వెక్కిరిస్తున్నట్టుంటుంది. ఎన్నికల సభల్లో ఆరితేరిన నాయకులు నాలుగేసి మాటలకి ఒకసారి ఆగుతారు చూడండి. గాంభీర్యం కోసమే అనుకుంటాం. కొంత అది హారన్ కోసం కూడా. ఆ ఆగిన సందులో ముందు వరసలోని కార్యకర్త "జై" అంటాడు. బుర్రకథ మళ్లీ మొదలు.

ఇప్పుడు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో సభలో మాట్లాడటం అలవాటు చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులని చాలా ఉన్నాయి. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా అనే ఊళ్లో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన పద్ధతి. వెళ్లి చూస్తే నాకు నవ్వొచ్చింది, మెచ్చుకోలుగానే. వక్త చుట్టూ మనుషులకి తలా ఒక పని. ఒకరు టైము చూస్తూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు చూపిస్తారు. ఒకరు మీరు "ఆ...", "అంటే..." అని ఎన్నిసార్లు నసిగారో లెక్కబెడతారు. ఘంటాగణనం తలకిందులైందన్నమాట, అవధానంలో మోగిన గంటలు లెక్కబెట్టేది అవధాని కదా! ఇంకొకరు లేచి అప్పటికప్పుడు ఏదో ఒక విషయం ఇచ్చి మాట్లాడమంటారు, అప్రస్తుతప్రసంగమే. పరాయి పద్ధతని ముఖం చిట్లించే పెద్దలున్నారు గానీ, వక్తని ఒంటరిగా వదలకూడదన్న ఇంగితం ఆ క్లబ్బులవాళ్లకి ఉంది. అమెరికాలో మన సంఘాల సభల్లో తెలుగు పిల్లల్ని చూస్తే ఈ మాట మరీ అనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు పేరాని బట్టీపట్టించి, పట్టు పావడా కట్టి, వెయ్యిమంది ముందు ఒంటరిగా నిలబెడతారు. పక్కన ఇంకో ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి "తందాన తాన" అనిపిస్తే పోయేదేముంది?

ఇక ముగింపు. మన సభల్లో ఉపన్యాసం మొదలుపెట్టలేనివాళ్లు కొందరైతే, ఆపలేనివాళ్లు లెక్కలేనంతమంది. "చివరగా" అని ఒకసారి, "ముగించేముందు" అని ఒకసారి, "ఈ ఒక్క మాట చెప్పి" అని ఒకసారి. హరికథలో మంగళం పాడగానే అయిపోయినట్టు అందరికీ తెలుస్తుంది, హారతి పళ్లెం కూడా వస్తుంది. మీకా సదుపాయం లేదు కాబట్టి, బట్టీ పట్టమన్న ఆ చివరి వాక్యం చెప్పేసి, నమస్కారం పెట్టి, నడిచి వచ్చెయ్యండి. చప్పట్ల కోసం అక్కడ నిలబడి చూస్తే అవి రావు.

మరి ఇదంతా ఎక్కడ నేర్చుకోవాలంటారా? నన్నడిగితే వందన సమర్పణలో. నిజంగానే అంటున్నాను. ముఖ్య అతిథిగా పిలవడం మన చేతిలో లేదు. వక్తగా పిలిస్తే పోలికలొస్తాయి. వందన సమర్పణకైతే పోటీయే ఉండదు. అప్పటికి సగం మంది లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు, మిగతా సగం భోజనాల వైపు చూస్తుంటారు. ఎవరూ వినరు కాబట్టి భయపడాల్సింది లేదు. చెప్పాల్సిన పేర్లు చీటీ మీద ఉంటాయి. రెండు నిమిషాల పని. పేరు పలికిన ప్రతిసారీ ఆ పేరుగల మనిషి ఎక్కడున్నా తలెత్తి మిమ్మల్నే చూస్తాడు, నవ్వుతాడు, చెయ్యి ఊపుతాడు. ఇంతమంది వంతలు ఇంకే ఉపన్యాసంలో దొరుకుతారు? ఈ సంక్రాంతికి మీ కాలనీ సంఘం కార్యదర్శిని ముందే పట్టుకుని ఆ పని అడిగి తీసుకోండి. ఎగిరి గంతేసి ఇస్తాడు. ఒక్కటే జాగ్రత్త. ఎవర్ని మరిచిపోయినా ఫరవాలేదు గానీ, మైకుసెట్టు కుర్రాడి పేరూ, టెంటు హౌసు వాళ్ల పేరూ మాత్రం వదలకండి. వచ్చే ఏడాది మళ్లీ వాళ్లతోనే పని.